బైక్ కూలెంట్ ఇంట్లోనే మార్చుకోమని ఎందుకంటానంటే

లిక్విడ్ కూల్డ్ బైక్‌ని, అంటే ఇంజిన్ వేడిని కూలెంట్ అనే ద్రవం మోసుకెళ్లి రేడియేటర్‌లో వదిలే బైక్‌ని, సర్వీస్‌కి ఇచ్చి కూలెంట్ సంగతి అడిగితే దాదాపు ప్రతిచోటా ఒకటే జవాబు వస్తుంది: “లెవెల్ బానే ఉంది సార్, కొంచెం తగ్గితే టాప్ అప్ చేశాం.” ఈ జవాబు మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఇంజిన్ ఆయిల్ గురించి ఎవరూ ఇలా మాట్లాడరు. లెవెల్ నిండుగా ఉన్నా సరే, కిలోమీటర్లు దాటాయంటే తీసేసి కొత్తది పోస్తారు. చైన్‌కి, బ్రేక్ ప్యాడ్‌కి, ఎయిర్ ఫిల్టర్‌కి ఒక ఆయుష్షు ఉంటుందని అందరూ ఒప్పుకుంటారు. కూలెంట్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం కూలెంట్ కోసం విడిగా ఉండే చిన్న రిజర్వ్ ట్యాంకు మీది రెండు గీతల మధ్య ఉందా లేదా అన్నదొక్కటే చూస్తారు. పాడైపోయిన కూలెంట్ కూడా ఆ గీతల మధ్యే ఉంటుందన్న సంగతి ఎవరికీ పట్టదు.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. వారంటీ దాటిన బైక్‌కి కూలెంట్ మార్చడం ఓనరు ఇంట్లో స్వయంగా చేసుకోవలసిన పని. డబ్బు మిగులుతుందని ఈ మాట అనడం లేదు, మిగిలేది పెద్దగా ఏమీ ఉండదు. ఈ పని బాగా జరగాలంటే ఇంజిన్ పూర్తిగా చల్లారేదాకా ఆగాలి. నీళ్లు పోసి ఇంజిన్ తిప్పి, మళ్లీ చల్లారేదాకా ఆగాలి. లోపలి గాలి బయటికి వచ్చేదాకా ఆగాలి. అంత తీరిక ఏ వర్క్‌షాపులోనూ ఉండదు. మన ఇంటి పార్కింగ్‌లో ఆదివారం పూట ఉంటుంది.

అసలు కూలెంట్‌లో ఏముంటుంది? నీళ్లు, ఇథిలీన్ గ్లైకాల్, వాటితోపాటు కొద్ది పాళ్లలో తుప్పుని ఆపే రసాయనాలు. గ్లైకాల్ ఉంటే ద్రవం తొందరగా మరగదు, తొందరగా గడ్డకట్టదు. సగం నీళ్లు, సగం గ్లైకాల్ కలిపితే సుమారు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టకుండా ఉంటుంది. చాలా డబ్బాల మీద ఈ అంకె కనిపిస్తుంది. దాన్ని చూసే మన మెకానిక్‌లు అంటారు: “అన్నా, మన దగ్గరేమన్నా మంచు కురుస్తదా? ఇదంతా దండగ. నీళ్లు పోస్తే చాలు.”

ఈ మాటని తేలిగ్గా కొట్టిపారేయకూడదు, ఇందులో సగం నిజం ఉంది. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల ఎండలో బండి నడిపేవాళ్లకి మైనస్ 37తో పనేముంది? పైగా వేడిని మోయడంలో ఉత్త నీళ్లే మేలు. కిలో నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కాలంటే 4.2 కిలోజౌళ్లు కావాలి, సగం సగం కలిపిన కూలెంట్‌కి సుమారు 3.4 చాలు. అంటే ఇంజిన్ నుంచి రేడియేటర్‌కి ఒక విడతలో నీళ్లే ఎక్కువ వేడిని మోసుకొస్తాయి. చాలా రేస్ ట్రాకుల్లో గ్లైకాల్ వాడనివ్వరు కూడా, రోడ్డు మీద ఒలికితే వెనక వచ్చేవాళ్లు జారిపడతారని. మరిగే విషయంలోనూ గ్లైకాల్‌కి దక్కాల్సిన దానికన్నా ఎక్కువ పేరే దక్కింది. మామూలు గాలి ఒత్తిడి దగ్గర కూలెంట్ 107 డిగ్రీల దరిదాపుల్లో మరుగుతుంది, నీళ్లకన్నా ఏడు డిగ్రీలే ఎక్కువ. ఆ విషయంలో ఎక్కువ పనిచేసేది రేడియేటర్ మూత. 1.1 బార్ ఒత్తిడిని పట్టి ఉంచే మూత బిగించి ఉంటే లోపల ఉత్త నీళ్లు కూడా 120 డిగ్రీలు దాటేదాకా మరగవు.

మరి నీళ్లెందుకు చాలవు? కొద్ది పాళ్లలో ఉంటుందన్నానే, ఆ రసాయనం కోసం. మన బైకుల్లో సిలిండర్ హెడ్, సిలిండర్, రేడియేటర్, వాటర్ పంప్ కవర్ దాదాపుగా అన్నీ అల్యూమినియమే. గాలి తగలగానే అల్యూమినియం మీద పలచని ఆక్సైడ్ పొర ఒకటి ఏర్పడుతుంది. ఆ లోహానికి అదే రక్ష. చుట్టూ ఉన్న ద్రవం మరీ ఆమ్లంగా మారినా, మరీ క్షారంగా మారినా ఆ పొర నిలవదు. నీళ్లలో క్లోరైడ్లు ఉంటే అక్కడక్కడా పొర చిట్లి సన్నటి గుంటలు పడతాయి. కూలెంట్‌లోని ఇన్హిబిటర్లు, అంటే ఆ తుప్పుని ఆపే రసాయనాలు, ఈ పొరని కాపాడుతూ, పుట్టిన ఆమ్లాన్ని విరిచేస్తూ ఉంటాయి. ఆ పని చేస్తూ చేస్తూ అవే ఖర్చయిపోతాయి. మరోపక్క గ్లైకాల్ కూడా వేడికీ ఆక్సిజన్‌కీ నెమ్మదిగా చెడిపోయి గ్లైకాలిక్ ఆమ్లం, ఫార్మిక్ ఆమ్లం లాంటివిగా మారుతుంది. కొన్నేళ్లకి కాపాడేది తగ్గిపోతుంది, తినేది పెరుగుతుంది. ఇదంతా జరుగుతున్నా లెవెల్ మారదు. రంగు కూడా చాలాసార్లు అలాగే ఉంటుంది, ఎందుకంటే ఆకుపచ్చ, నీలం, ఎరుపు అన్నీ కంపెనీలు కలిపే డైలు.

అందుకే నేను కూలెంట్ వయసు అడుగుతాను. పాత తరహా కూలెంట్లకి రెండేళ్లు, ఇన్హిబిటర్లుగా ఆర్గానిక్ యాసిడ్లు వాడే రకం వాటికి అంతకన్నా ఎక్కువ గడువు చెబుతారు. మీ బైక్ మాన్యువల్‌లో ఏది రాసి ఉంటే అదే ప్రమాణం. రిఫ్రాక్టోమీటర్‌తో చూపించి “ఇంకా బాగుంది” అనేవాళ్లూ ఉన్నారు. ఆ పరికరం గ్లైకాల్ ఎంత శాతం ఉందో చెబుతుంది, ఇన్హిబిటర్లు మిగిలాయో లేదో చెప్పదు.

“నీళ్లు చాలు” అనే మాట ఎక్కడినుంచి వచ్చిందో ఆలోచిస్తే మెకానిక్‌ల మీద కోపం రాదు. మన దగ్గర లిక్విడ్ కూల్డ్ బైకులు మామూలు జనం చేతికి విరివిగా రావడం 2008లో యమహా ఆర్15తో మొదలైంది. 2011లో హోండా సీబీఆర్ 250ఆర్, 2012లో కేటీఎం డ్యూక్ 200, పల్సర్ 200 ఎన్ఎస్ వచ్చాయి. రాయల్ ఎన్‌ఫీల్డ్ అయితే 2023లో హిమాలయన్ 450తో గానీ ఈ దారిలోకి రాలేదు. మన మెకానిక్‌ల చేయి తిరిగింది స్ప్లెండర్ మీద, బుల్లెట్ మీద, ఆర్ఎక్స్ 100 మీద. వాటికి రేడియేటరే లేదు. రేడియేటర్ అంటే లారీలకి, ట్రాక్టర్లకి, అంబాసిడర్ కార్లకి ఉండేది. వాటివి రాగి, ఇత్తడి రేడియేటర్లు, పోత ఇనుము ఇంజిన్ బ్లాకులు. ఘాట్ ఎక్కి ఆగాక క్యానుతో కాలువ నీళ్లు పోసినా బండి కదిలేది. లోపల మూసుకుపోతే రేడియేటర్ షాపుకి తీసుకెళ్లి, పైనా కిందా టాంకులు ఊడదీసి, గొట్టాల్లో సన్నటి చువ్వలు దూర్చి శుభ్రం చేయించి, మళ్లీ సోల్డర్ వేయించుకునేవాళ్లు. బైక్ రేడియేటర్ అలా విప్పి బాగుచేసేది కాదు. అందులోని అల్యూమినియం గొట్టాలు చాలా సన్నగా ఉంటాయి, మూసుకుపోతే రేడియేటర్ మొత్తం మార్చాల్సిందే. లారీకి పనికొచ్చిన అలవాటు ఇక్కడ పనికిరాదు.

పైగా మన బోరు నీళ్లు ఎలాంటివో ఇంట్లో గీజర్ కాయిల్ తీసి చూసినవాళ్లందరికీ తెలుసు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం నీటి కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాములు మించకూడదు, వేరే దారి లేకపోతే 600 వరకు ఒప్పుకుంటారు. మన ఊళ్లలో దాన్ని కూడా దాటే బోర్లు ఉన్నాయి. కాల్షియం ఉప్పు ఎక్కడ వేడి ఎక్కువో అక్కడే ముందు పేరుకుంటుంది. ఇంజిన్‌లో ఆ చోటు ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టూ ఉన్న సన్నటి నీటి దారి. అక్కడ తెల్లటి పొర కడితే లోహంలోని వేడి నీళ్లకి అందదు. బయటి గేజ్ మాత్రం అంతా బాగానే ఉందని చూపిస్తుంది, ఎందుకంటే సెన్సర్ కొలిచేది నీళ్ల వేడిని.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి, దీన్ని చాలామంది పట్టించుకోరు. ఫాస్ఫేట్, సిలికేట్ అనేవి ఇన్హిబిటర్లలో రెండు రకాలు. జపాన్ కంపెనీలు ఎక్కువగా ఫాస్ఫేట్ ఉన్న, సిలికేట్ లేని కూలెంట్ వాడమంటాయి, సిలికేట్ వల్ల వాటర్ పంప్ సీలు అరుగుతుందని వాళ్ల భయం. యూరప్ కంపెనీలు ఎక్కువగా ఫాస్ఫేట్ వద్దంటాయి, అక్కడ చాలాచోట్ల కఠిన జలం కాబట్టి ఫాస్ఫేట్ కాల్షియంతో కలిసి గారలా పేరుకుంటుందని. మన దగ్గర రెండు రకాల బైకులూ ఉన్నాయి, నీళ్లేమో బోరువి. ఫాస్ఫేట్ కూలెంట్‌లో బోరు నీళ్లు కలిపితే రెండు విధాలా నష్టమే. ఇన్హిబిటర్ అక్కడికక్కడే ఖర్చయిపోతుంది, పైగా గార కడుతుంది. ఆర్‌ఓ నీళ్లు పోస్తే సరిపోదా అని అడుగుతుంటారు. ఆర్‌ఓ నీళ్లలోనూ కొంత లవణం మిగిలే ఉంటుంది, చాలా మిషన్లలో రుచి కోసం కావాలనే కొంత కలుపుతారు. బ్యాటరీ షాపులో డిస్టిల్డ్ వాటర్ క్యాను చవగ్గా దొరుకుతుంటే వేరే నీళ్ల గురించి ఆలోచించడమే అనవసరం.

మంచు సంగతి కూడా పూర్తిగా వదిలేయలేం. ఏటా మన కుర్రాళ్లు హైదరాబాద్, విజయవాడ, వైజాగ్ నుంచి లేహ్ దాకా బైకుల మీద వెళ్తున్నారు. పైన కనుమల దగ్గర రాత్రి వేడి సున్నాకి దిగువకి పడిపోతుంది. నీళ్లు గడ్డకట్టేటప్పుడు సుమారు 9 శాతం ఉబ్బుతాయి. ఆ ఉబ్బుకి రేడియేటర్ గొట్టం చిట్లుతుంది, ఇంజిన్ బ్లాకే పగలొచ్చు. ఇక్కడ “నీళ్లు చాలు” అని పోయించుకుని అక్కడికి వెళ్లే మనిషి ఆ సంగతి మర్చిపోయి ఉంటాడు.

సరే, సర్వీస్ సెంటర్‌లో మార్పించుకోవచ్చు కదా? మా బావమరిది అలాగే చేశాడు. వాడిది 200 సీసీ బైక్, నాలుగో ఏడు నడుస్తోంది. బిల్లులో “కూలెంట్ రీప్లేస్డ్” అని స్పష్టంగా ఉంది, డబ్బూ తీసుకున్నారు. ఆ తర్వాత కొన్నాళ్లకే సిగ్నల్ దగ్గర ఫ్యాన్ ఆగకుండా తిరుగుతోందని, టెన్షన్‌గా ఉందని నా దగ్గరికి తెచ్చాడు. రిజర్వ్ ట్యాంకులో చూస్తే తళతళలాడే కొత్త ఆకుపచ్చ కూలెంట్. రాత్రంతా చల్లారిన ఇంజిన్ మీద పొద్దున్నే రేడియేటర్ మూత తీశాం. మూత అడుగున రబ్బరు వాషర్ గట్టిపడి, అంచున ఒకచోట చీలి ఉంది. మూత కూర్చునే చోట చుట్టూ తెల్లటి పొక్కులు, వేలితో గీకితే పొడిగా రాలాయి. లోపల టార్చి వేసి చూస్తే గొట్టాల మూతుల మీద అదే తెలుపు. డ్రైన్ బోల్ట్ తీయగానే కారింది చింతపండు పులుసు రంగు నీళ్లు. ట్రేలో అడుగున మట్టి కూర్చుంది.

ఎవరో మోసం చేశారని తేల్చేయడం నాకు ఇష్టం లేదు. రిజర్వ్ ట్యాంకు ఖాళీ చేసి కొత్తది పోయడమే కూలెంట్ మార్చడమని ఆ కుర్రాడికి నేర్పి ఉండొచ్చు. కానీ ఇందులో ఉన్న అసలు చిక్కు అదే. ఆయిల్ మార్చారో లేదో డిప్‌స్టిక్ తీస్తే తెలుస్తుంది. బ్రేక్ ప్యాడ్ కంటికి కనిపిస్తుంది. కూలెంట్‌లో మనకి కనిపించేది రిజర్వ్ ట్యాంకే, అందులో ఉండేది మొత్తంలో కొద్ది భాగం. మిగతా లీటరు పైచిలుకు ఇంజిన్ లోపల, రేడియేటర్‌లో ఉంటుంది, అది మూత తీస్తే గానీ కనిపించదు. వేడిగా ఉన్నప్పుడు మూత తీయకూడదు. సర్వీస్ సెంటర్‌లో బండి ఎప్పుడూ వేడిగానే ఉంటుంది. పొద్దున్న మనమే నడుపుకుంటూ తీసుకెళ్తాం, పదకొండింటికి ర్యాంపు ఎక్కిస్తారు, సాయంత్రంలోగా పది బళ్లు కడిగి, తుడిచి, డెలివరీ ఇవ్వాలి. ఒక్క బండి చల్లారేదాకా ఆ మెకానిక్ కుర్రాడు కూర్చుంటే వాడి జీతమేం కావాలి, ర్యాంపేం కావాలి? వాళ్లలో చాలామంది నాకన్నా పనిమంతులు, వాళ్లకి లేనిది సమయం ఒక్కటే.

ఇక నేను చేసే పద్ధతి చెబుతాను. ముందురోజు సాయంత్రం నుంచి బండి కదపకూడదు. రేడియేటర్‌ని, పైపుల్ని చేత్తో ముట్టుకుంటే చల్లగా తగలాలి. దీన్ని నేను నొక్కి చెబుతున్నాను. వేడిగా ఉన్నప్పుడు మూత తీస్తే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి, 100 డిగ్రీలు దాటిన ద్రవం అక్కడికక్కడే ఆవిరై ముఖం మీదకి చిమ్ముతుంది. గుడ్డ చుట్టి మెల్లగా తిప్పితే ఏమీ కాదని చెప్పేవాళ్ల మాట వినకండి.

మూత తీశాక దాన్ని పక్కన పెట్టేయకుండా ఒకసారి పరీక్షగా చూడండి. స్ప్రింగ్ నొక్కితే గట్టిగా వెనక్కి తన్నాలి. మధ్యలో ఉండే చిన్న వాల్వుని గోటితో లాగి వదిలితే మళ్లీ అతుక్కోవాలి. వేడెక్కినప్పుడు పెరిగిన కూలెంట్‌ని రిజర్వ్ ట్యాంకులోకి పంపేది పెద్ద వాల్వు, చల్లారాక దాన్ని వెనక్కి రానిచ్చేది ఈ చిన్నది. ఇది పాడైతే రిజర్వ్ ట్యాంకు నిండుగా ఉండి రేడియేటర్ ఖాళీ అవుతుంది. రబ్బరు చీలితే కొత్త మూత కొనేయాలి. కూలెంట్‌కి ఇచ్చిన విలువలో సగం కూడా జనం ఈ మూతకి ఇవ్వరు.

డ్రైన్ బోల్ట్ చాలా బైకుల్లో వాటర్ పంప్ కవర్ మీద, కింది భాగంలో ఉంటుంది. దానికో వాషర్ ఉంటుంది, అదే గుర్తు. వెడల్పాటి ట్రే పెట్టి బోల్ట్ విప్పాలి. మూత ముందే తీసి ఉంటే ధార కాస్త దూరంగా పడుతుంది, ఆ లెక్కన ట్రే ముందుకి జరపండి. బయటికొచ్చింది కొలవండి, ఈ అంకె తర్వాత అవసరమవుతుంది. రిజర్వ్ ట్యాంకు కూడా విప్పి కడగాలి, అడ్డమైన మట్టీ దాని అడుగునే చేరుతుంది. దాన్ని రేడియేటర్ మెడకి కలిపే సన్నటి పైపుని వంచి చూడండి. అందులో చిన్న పగులున్నా చల్లారేటప్పుడు కూలెంట్ బదులు గాలి లోపలికి వెళ్తుంది.

తర్వాత బోల్ట్ బిగించి డిస్టిల్డ్ వాటర్ నింపి, మూత పెట్టి స్టార్ట్ చేయాలి. ఇక్కడే తొందర పనికిరాదు. థర్మోస్టాట్, అంటే వేడెక్కాక తెరుచుకునే వాల్వు, మూసి ఉన్నంతసేపూ నీళ్లు ఇంజిన్ లోపలే తిరుగుతాయి, రేడియేటర్‌కి రావు. చాలా బైకుల్లో అది 70 నుంచి 85 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది. ఎప్పుడు తెరుచుకుందో తెలుసుకోవడానికి రేడియేటర్‌కి వచ్చే పై పైపు మీద, ఫ్యానుకీ సైలెన్సర్ పైపుకీ దూరంగా చేయి వేసి ఉంచండి. కొన్ని నిమిషాలు చల్లగానే ఉంటుంది. తర్వాత ఒక్కసారిగా వేడి తగులుతుంది, చేయి తీసేయాల్సి వస్తుంది. అప్పుడే లోపలి పాత కూలెంట్ నీళ్లలో కలుస్తున్నట్టు. ఇంకాసేపు తిరగనిచ్చి ఆపేయాలి. రెండు మూడు గంటలు చల్లారనిచ్చి, మళ్లీ తీయాలి. వచ్చే నీళ్లు తేటగా వచ్చేదాకా ఇదే. మంచి స్థితిలో ఉన్న బండికి రెండుసార్లు చాలు. మా బావమరిది బండికి ఆ ఆదివారం మొత్తం పట్టింది.

నీళ్లు పోసి, కాసేపు తిప్పి, బోల్ట్ తీసి “ఫ్లష్ చేశాం” అనే వర్క్‌షాపుల్లో థర్మోస్టాట్ తెరుచుకోకముందే ఆపేస్తే, ఇంజిన్‌లోని పాత సరుకు అక్కడే ఉంటుంది. రేడియేటర్ ఒక్కటే కడిగినట్టు.

ఫ్లష్ చేయడానికి వెనిగర్, నిమ్మ ఉప్పు, రకరకాల ఫ్లషింగ్ లిక్విడ్లు వాడమని సలహాలిస్తుంటారు. ఆమ్లం గారని కరిగిస్తుంది, నిజమే. కడగడంలో కాస్త మిగిలిపోతే ఆ తర్వాత అల్యూమినియంనీ కరిగిస్తుంది. మామూలుగా చూసుకున్న బండికి డిస్టిల్డ్ వాటర్ తప్ప ఏమీ అక్కర్లేదు. ప్రెషర్ వాషర్‌తో రేడియేటర్ రెక్కలు కడగడం కూడా మానేయాలి, రెక్కలు వంగి గాలి ఆగిపోతుంది. మెత్తటి బ్రష్షు, మామూలు నీళ్లు చాలు. సగం హీటింగ్ కంప్లయింట్లు ఆ రెక్కల మధ్య ఎండిన బురదతోనే వస్తాయని నా నమ్మకం.

ఇప్పుడు దాదాపు ఎవరూ చెప్పని చిక్కొకటి ఉంది. ఎంత బాగా డ్రైన్ చేసినా ఇంజిన్ సందుల్లో కొన్ని నీళ్లు మిగులుతాయి. మొత్తం 1200 మిల్లీలీటర్లు పట్టే బండిలో 200 మిగిలాయనుకుందాం. మీరు కొన్నది నీళ్లు కలిపి సిద్ధంగా అమ్మే కూలెంట్, అంటే సగం గ్లైకాల్. అది 1000 మాత్రమే పడుతుంది. లెక్కేస్తే గ్లైకాల్ 50 శాతం ఉండాల్సింది 42 దగ్గర ఆగుతుంది. ఇన్హిబిటర్లు కూడా ఆరో వంతు పలచబడతాయి. మన ఎండలకి గ్లైకాల్ తగ్గడం పెద్ద నష్టం కాదు, ఇన్హిబిటర్ తగ్గడం నష్టమే, గడువుకి ముందే మార్చాల్సి వస్తుంది. దీనికి నేను వాడే ఉపాయం కాన్సెంట్రేట్, అంటే నీళ్లు కలపని కూలెంట్, కొనడం. మాన్యువల్‌లో చెప్పిన మొత్తం పరిమాణంలో సగం, అంటే ఈ లెక్కలో 600 మిల్లీలీటర్ల కాన్సెంట్రేట్ ముందు పోసి, మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో నింపుతాను. లోపల ఎన్ని నీళ్లు మిగిలినా చివరికి సగం సగమే అవుతుంది. మొదట్లో బయటికొచ్చింది కొలవమన్నది ఇందుకే, మాన్యువల్ అంకెకీ దానికీ ఎంత తేడా ఉందో చూస్తే ఎంత మిగులుతోందో తెలుస్తుంది. మీ బైక్‌కి సరిపోయే రకం సిద్ధంగా కలిపినదే దొరికితే, చివరి విడత కడగడానికి నీళ్ల బదులు కొంచెం ఆ కూలెంటే వాడి పారబోయండి. కాస్త ఖర్చయినా పని శుభ్రంగా ఉంటుంది.

రంగు చూసి కూలెంట్ కొనకండి. ఒక కంపెనీ ఆకుపచ్చ పాత రకం కావొచ్చు, ఇంకో కంపెనీ ఆకుపచ్చ ఆర్గానిక్ రకం కావొచ్చు. డబ్బా వెనక సిలికేట్ ఉందా, ఫాస్ఫేట్ ఉందా, అల్యూమినియం ఇంజిన్లకి పనికొస్తుందా అని చదివి, మాన్యువల్‌తో సరిచూసుకోవాలి. రెండు రకాలు కలిపితే ఇన్హిబిటర్లు ఒకదాన్నొకటి దెబ్బతీస్తాయి, ఒక్కోసారి జిగురుగా గడ్డకట్టే ప్రమాదమూ ఉంది.

కొత్తది పోసేముందు డ్రైన్ బోల్ట్‌కి కొత్త వాషర్ వేసి బిగించండి. చాలా బైకుల్లో ఇది సన్నటి బోల్టే, దిగేదేమో అల్యూమినియంలోకి. పొడుగాటి స్పానర్ పెట్టి బలం చూపిస్తే మరలు ఊడిపోతాయి. చిన్న స్పానర్‌తో, వాషర్ నొక్కుకున్నట్టు అనిపించేదాకా చాలు. టార్క్ రెంచ్ ఉంటే మాన్యువల్ అంకె పెట్టుకోండి.

కూలెంట్‌ని గరాటుతో నెమ్మదిగా పోయాలి. ముందు చక్రం కాస్త ఎత్తులో ఉండేట్టు బండిని నిలబెడితే, మూత ఉన్న చోటు అన్నిటికన్నా పైకి వచ్చి గాలి అటు తేలుతుంది. పైపుల్ని చేత్తో పిసుకుతూ ఉండండి, బుడగలు వస్తాయి, లెవెల్ దిగుతుంది, మళ్లీ పోయండి. బండిని అటూ ఇటూ ఊపండి. మూత తీసే ఉంచి స్టార్ట్ చేసి ఐడిల్‌లో వదిలితే ఇంకొన్ని బుడగలు వస్తాయి. వేడెక్కే కొద్దీ కూలెంట్ పైకి పొంగుతుంది, అది మొదలయ్యేలోపే ఇంజిన్ ఆపి, లెవెల్ సరిచేసి, మూత బిగించేయాలి. గాలి మిగిలితే ఏమవుతుంది? వాటర్ పంప్ గాలిని తోయలేదు. గాలి బుడగ హెడ్‌లో చిక్కుకున్న చోట లోహం నుంచి వేడి తీసుకెళ్లేది ఏమీ ఉండదు. అందుకే ఒక చిన్న రైడ్ వేసి వచ్చి, మర్నాడు పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు మళ్లీ రేడియేటర్ మూతే తీసి చూడాలి. రిజర్వ్ ట్యాంకు చూసి సంతృప్తి పడకూడదు.

అన్నీ ఇంట్లోనే అవుతాయని నేను అనను. మూత తీసి ఉంచి తిప్పుతుంటే బుడగలు ఎంతకీ ఆగకపోయినా, ఇంజిన్ ఆయిల్ పాలు కలిసిన రంగులో ఉన్నా హెడ్ గాస్కెట్‌ని, అంటే సిలిండర్‌కీ హెడ్‌కీ మధ్య ఉండే సీలుని, అనుమానించాలి, అది మంచి మెకానిక్ చేతి పని. వాటర్ పంప్ కింద చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది. అక్కడ కూలెంట్ చుక్కలు కనిపిస్తే లోపలి సీలు పోతున్నట్టు. ఆ రంధ్రానికి ఎమ్‌సీల్ పెట్టి మూసేసిన బళ్లు చూశాను. దయచేసి అలా చేయకండి, అది మూస్తే కూలెంట్ ఆయిల్‌లోకి దారి వెతుక్కుంటుంది. బండి వారంటీలో ఉంటే సర్వీస్ సెంటర్‌కే ఇవ్వండి. కాకపోతే రాత్రే వదిలి, పొద్దున్న మూత తీసేటప్పుడు దగ్గర ఉండి చూస్తామని చెప్పండి. అడిగితే చాలాచోట్ల ఒప్పుకుంటారు.

ఇక పాత కూలెంట్ ఏం చేయాలన్నది మిగిలింది. ఈ విషయంలో నేను అస్సలు రాజీపడను. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. నేల మీద ఒలికితే వీధి కుక్కలు, పిల్లులు నాకుతాయి. శరీరంలోకి వెళ్లాక అది ఆక్సాలిక్ ఆమ్లంగా మారి, కాల్షియంతో కలిసి కిడ్నీల్లో స్ఫటికాలు కడుతుంది. చిన్న కుక్కకి కొద్దిపాటి మోతాదే ప్రాణం తీస్తుంది. పిల్లలకీ అంతే ప్రమాదం. మన ఇళ్లలో ఖాళీ కూల్‌డ్రింక్ బాటిల్ కనిపిస్తే అందులో ఏదో ఒకటి పోసి పెట్టే అలవాటుంది. ఆకుపచ్చగా, ఎర్రగా, తియ్యగా ఉండే విషాన్ని కూల్‌డ్రింక్ బాటిల్‌లో పోసి పార్కింగ్‌లో పెట్టడం కన్నా ప్రమాదకరమైన పని నాకింకోటి తట్టడం లేదు. పాతది కొత్త కూలెంట్ వచ్చిన డబ్బాలోనే పోసి, మూత బిగించి, పైన మార్కర్‌తో “విషం, పాత కూలెంట్” అని రాసి, పిల్లలకి అందని చోట పెట్టాలి. ఎవరైనా పొరపాటున తాగితే లక్షణాల కోసం చూడకుండా ఆ డబ్బా పట్టుకునే ఆసుపత్రికి పరుగెత్తాలి. నేల మీద పడ్డ చుక్కల్ని ఇసుకతో పీల్చి, ఆ ఇసుకని కవర్లో కట్టి, చివరికి నేలని నీళ్లతో తుడిచేయండి. ఆ నీళ్లు కుక్కలు తాగే గుంటలోకి పోకుండా చూసుకోండి.

కాలవలో పోయడం మాత్రం వద్దు. వాడిన కూలెంట్‌లో గ్లైకాల్‌తోపాటు ఇంజిన్ నుంచి కరిగిన లోహాలు కూడా ఉంటాయి. మా కాలనీ కాలవ చివరికి చెరువులోనే కలుస్తుంది. వాడిన ఇంజిన్ ఆయిల్‌కి ధర ఉంది, కొనేవాళ్లు మెకానిక్ షాపుల చుట్టూ తిరుగుతుంటారు. పాత కూలెంట్‌కి ధర లేదు, అందుకే అడిగే నాథుడు లేడు. నేను డబ్బా నిండాక మా దగ్గరి పెద్ద కార్ సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తాను. వాళ్ల దగ్గర రోజూ లీటర్ల కొద్దీ కూలెంట్ దిగుతుంది, దానికి వేరే డ్రమ్ము ఉంది. మొదట వద్దన్నారు, మేనేజర్‌తో మాట్లాడితే తీసుకున్నారు. మీ ఊళ్లో కూడా కార్ల సర్వీస్ సెంటర్‌లో అడిగి చూడండి, వెళ్లేముందు ఫోన్ చేసి డబ్బాలో ఎంత ఉందో చెప్పండి.